పెట్రోలు ఆవిరి ఎక్కడ నిలుస్తుంది? కారుకూ పడవకూ ఇంధనం నింపేటప్పుడు నిప్పు పుట్టే తీరు

ఇంధనం నింపే చోట మంట లేచిందంటే మొదట అంటుకున్నది ద్రవం కాదు, దాని మీద నుంచి లేచే ఆవిరి. మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ చలిలోనూ పెట్రోలు నిప్పు అందుకునేంత ఆవిరిని వదులుతూనే ఉంటుంది. కాబట్టి మనుషులు మసిలే ఏ వాతావరణంలోనైనా, మూత తీసిన ట్యాంకు దగ్గర మండడానికి కావలసిన సరుకు సిద్ధంగా ఉన్నట్టే. అయితే ఈ ఆవిరి ఎప్పుడంటే అప్పుడు మండదు. గాలిలో దాని వాటా సుమారు 1.4 శాతం కన్నా తగ్గితే మండదు, 7.6 శాతం దాటినా మండదు. ఆ రెండింటి మధ్య ఉన్నప్పుడే నిప్పురవ్వ దాన్ని అంటించగలదు. ఇంకో సంగతి, ఇది గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి చెదిరిపోదు. నేలబారున పాకి, పల్లంలోకి దిగి, కదిలించేవాళ్లు లేకపోతే అక్కడే ఉండిపోతుంది.

ఈ బరువు వల్లే కారుకూ పడవకూ గండం వేరువేరు వేళల్లో వస్తుంది. కారు అడుగున అంతా ఖాళీ. బయటికి వచ్చిన ఆవిరిని గాలి త్వరగానే పలచబరుస్తుంది. ట్యాంకు మూతి చుట్టూ, అదీ నింపుతున్న కాసేపు మాత్రమే, మండే మిశ్రమం ఉంటుంది. అందువల్ల కారు దగ్గర ప్రమాదం నింపుతుండగానే వస్తుంది. పడవ అడుగు నీళ్లు చొరకుండా కట్టినది. బయటి నీటిని ఆపే ఆ గోడే లోపల చేరిన ఆవిరినీ బయటికి పోనివ్వదు. అక్కడ పేలుడు ఎక్కువగా ఇంధనం నింపడం పూర్తయ్యాక, ఇంజిన్ తాళం తిప్పినప్పుడు జరుగుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఏ జాగ్రత్త ఎందుకో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పరిమాణాలు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే దాదాపు 170 లీటర్ల ఆవిరి అవుతుంది. అది సమంగా కలిస్తే 12 ఘనపు మీటర్ల గాలిని మండేదిగా మార్చగలదు. అంటే 200 మిల్లీలీటర్లు, ఒక్క గ్లాసెడు ఒలికినా, రెండు ఘనపు మీటర్లకు పైగా ఉన్న మూసిన చోటును ప్రమాదంలో పడేయడానికి సరిపోతుంది. చాలా చిన్న పడవల ఇంజిన్ గది అంత కూడా ఉండదు. అదే గ్లాసెడు పెట్రోలు ఆరుబయట కారు పక్కన ఒలికితే, గాలి ఆడుతున్నంతవరకు, కొన్ని నిమిషాల్లో ఆవిరై చెదిరిపోతుంది.

కారు దగ్గర నిప్పురవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? పొగ తాగడం, ఇంజిన్ ఆపకపోవడం అందరికీ తెలిసినవే. తెలియకుండా వచ్చేది ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు. సీటు మీద నుంచి జారి దిగినప్పుడు బట్టకూ సీటు గుడ్డకూ మధ్య జరిగే రాపిడి వల్ల ఒంట్లో కొన్ని వేల వోల్టుల విద్యుదావేశం (చార్జ్) పోగవుతుంది. గాలి పొడిగా, చలిగా ఉన్నప్పుడు, సింథటిక్ బట్టలు వేసుకున్నప్పుడు ఇది ఎక్కువ. కాళ్లకు రబ్బరు అడుగుల చెప్పులో బూట్లో ఉంటే ఆ ఆవేశం నేలలోకి దిగదు. పెట్రోలు ఆవిరిని అంటించడానికి పావు మిల్లీజౌల్ శక్తి చాలు. మనిషి ఒంట్లో 3,000 వోల్టులు చేరితే ఆ రవ్వలో అంతకు రెండున్నర రెట్ల శక్తి ఉంటుంది. వేలికి చురుక్కుమని తెలిసీ తెలియనట్టు అనిపించే షాకు అదే. 10,000 వోల్టుల దగ్గర అది 7 మిల్లీజౌల్‌లు దాటుతుంది. కాబట్టి వేలికి తెలిసిన ప్రతి షాకూ ఆవిరిని అంటించగలదనే అనుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకునే చోట, కారు దిగి మొదటిసారి నాజిల్‌ను, అంటే పంపు గొట్టం చివరి పిడిని, పట్టుకున్నప్పుడు రవ్వ వచ్చినా సాధారణంగా ఏమీ కాదు. నాజిల్ అప్పటికి యంత్రానికే తగిలించి ఉంటుంది, చుట్టూ ఆవిరి లేదు. అసలు ప్రమాదం రెండోసారి ముట్టుకున్నప్పుడు. ట్యాంకులోకి దిగే ప్రతి లీటరు పెట్రోలూ అక్కడున్న లీటరు ఆవిరిని బయటికి నెడుతుంది. 40 లీటర్లు పోస్తే, ఆవిరిని వెనక్కి లాక్కునే ఏర్పాటు కారులోనో నాజిల్‌లోనో లేనప్పుడు, 40 లీటర్ల చిక్కటి ఆవిరి ట్యాంకు మూతి దగ్గరే బయటపడుతుంది. నాజిల్ మీటను కొక్కేనికి తగిలించి, దానంతటది పోస్తుండగా లోపలికి వెళ్లి కూర్చుని, క్లిక్ మనగానే దిగి వచ్చి నాజిల్‌ను పట్టుకుంటే కొత్తగా పోగైన ఆవేశం సరిగ్గా ఆ ఆవిరి మధ్యలోనే దిగుతుంది. అమెరికాలోని పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ సేకరించిన స్థిర విద్యుత్తు మంటల వివరాల్లో చాలావాటికి మూలం ఇలా మళ్లీ కారెక్కి దిగడమే.

జాగ్రత్త చిన్నదే. పోయడం మొదలయ్యాక కారు ఎక్కకూడదు. తప్పనిసరై ఎక్కితే, దిగగానే ట్యాంకు మూతికి దూరంగా ఉన్న లోహపు భాగాన్ని, అంటే ఎదుటివైపు తలుపు అంచునో ముందు భాగపు రేకునో, ఉత్త చేత్తో ముట్టుకుని అప్పుడు నాజిల్ దగ్గరికి వెళ్లాలి. తలుపు వేసేటప్పుడు చేయి అద్దానికో ప్లాస్టిక్‌కో తగిలితే ఆవేశం దిగదు, లోహమే తగలాలి. ట్యాంకు మూత తిప్పేముందు కూడా ఇదే చేయాలి, ఎందుకంటే మూత వదులవగానే లోపలి ఒత్తిడికి ఆవిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది. పిల్లల చేత నాజిల్ పట్టించకూడదు. పోస్తున్నంతసేపూ మనిషి పక్కనే నిలబడి ఉండాలి.

మొబైల్ ఫోన్ గురించి ఉన్న భయం దీనితో పోలిస్తే చాలా పెద్దది, ఆధారం మాత్రం చాలా చిన్నది. అదే సంస్థ పరిశీలించిన ఘటనల్లో ఫోన్ వల్ల అంటుకున్నట్టు తేలినది ఒక్కటీ లేదు. అయినా ఫోన్‌ను పక్కన పెట్టాలనడం సరైనదే. దాని కోసమే మనిషి కారులోకి చేయి పెడతాడు, దాని మీద దృష్టి పెట్టే నాజిల్‌ను వదిలేస్తాడు.

నాజిల్ తనంతట తానే ఎలా ఆగుతుందో తెలిస్తే, పొంగిపొర్లడం ఎందుకు జరుగుతుందో కూడా తెలుస్తుంది. నాజిల్ మూతి చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం వేగంగా ప్రవహించేటప్పుడు పుట్టే పీల్పు ఆ రంధ్రం గుండా గాలిని లాగుతూ ఉంటుంది. ట్యాంకులో మట్టం పెరిగి రంధ్రం మునగగానే గాలి ఆగిపోతుంది, పీల్పు బలపడి లోపలి పలుచని పొరను లాగుతుంది, మీట జారి వాల్వు మూసుకుంటుంది. నాజిల్ సగమే దూర్చినప్పుడు ఆ రంధ్రం సమయానికి మునగదు. మీటను మరీ నెమ్మదిగా నొక్కితే పీల్పు చాలదు. మూతనో మరేదో అడ్డం పెట్టి మీటను బిగిస్తే నాజిల్ జారిపడ్డా పోస్తూనే ఉంటుంది. అందుకే నాజిల్ పూర్తిగా లోపలికి దిగాలి, అందులోనే ఉన్న కొక్కెం తప్ప వేరే అడ్డం పెట్టకూడదు.

మొదటి క్లిక్ తర్వాత ఇంకొంచెం పోయించుకోవడం చాలామందికి అలవాటు. మానుకోవాల్సిన అలవాటు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పెట్రోలు దాదాపు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. భూగర్భ ట్యాంకులోంచి చల్లగా వచ్చిన 50 లీటర్లు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే లీటరు పెరుగుతుంది. ఆ లీటరు కోసమే ట్యాంకు పైభాగంలో ఖాళీ వదిలారు. దాన్ని నింపేస్తే పెట్రోలు, ఆవిరి కోసం పెట్టిన బొగ్గు డబ్బాలోకి ద్రవంగానే వెళ్తుంది. బొగ్గు తడిసి పాడవుతుంది, ఆ తర్వాత ఆవిరిని పట్టి ఉంచలేదు. నాజిల్ బయటికి తీసేముందు ఒకటి రెండు క్షణాలు ఆగి, మూతిలో మిగిలిన చుక్కలు ట్యాంకులోనే రాలనివ్వాలి.

డబ్బాల్లో పోయించుకోవడం కారు ట్యాంకు నింపడం కన్నా ప్రమాదకరం, ఈ సంగతిని పట్టించుకునేవాళ్లు తక్కువ. గొట్టంలో ప్రవహించే పెట్రోలులోనే ఆవేశం పుడుతుంది. కారు ట్యాంకు నుంచి అది టైర్ల గుండా నేలకు దిగుతుంది. డిక్కీలో తివాచీ మీదో, ట్రక్కు వెనుక పరిచిన ప్లాస్టిక్ మీదో పెట్టిన డబ్బాకు ఆ దారి లేదు. ముఖ్యంగా లోహపు డబ్బా అలాంటి చోట ఆవేశాన్ని మొత్తం తన మీదే పోగు చేసుకుంటుంది; నాజిల్ కాస్త దూరం జరిగినప్పుడు రవ్వ ఎగురుతుంది. అందుకే డబ్బాను కిందికి దించి నేల మీద పెట్టాలి, నాజిల్ మూతి చివరిదాకా డబ్బా నోటికి ఆనుకునే ఉండాలి, నెమ్మదిగా పోయాలి, 95 శాతం దగ్గర ఆపాలి. నీళ్ల సీసాలు, పలుచని ప్లాస్టిక్ డబ్బాలు ఇందుకు పనికిరావు. పెట్రోలు కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, వాటి మూతలు ఆవిరి ఒత్తిడికి నిలవవు.

నిండుగా ఉన్న డబ్బా లోపలి ఆవిరి సాధారణంగా 7.6 శాతానికి మించి చిక్కగా ఉండి మండదు. అడుగున కాస్త మిగిలిన పాత పెట్రోలు ఉన్న డబ్బాలో మాత్రం ఆవిరి పలచబడి మండే హద్దుల్లోకి రావచ్చు. అలాంటి డబ్బాతో మంట దగ్గర పోస్తే నిప్పు లోపలికి పాకి, మండుతున్న పెట్రోలు ధారగా బయటికి చిమ్ముతుంది. దీన్ని ఆపడానికే కొత్త డబ్బాల మూతిలో సన్నని జాలీ అమర్చుతున్నారు. అమెరికా 2020లో దీనికి చట్టమే చేసింది. ఆ జాలీ అడ్డమొస్తోందని పీకేసేవాళ్లు ఉన్నారు. పీకేస్తే డబ్బాకు ఉన్న ఒకే ఒక్క రక్షణ పోయినట్టే.

ఇన్ని చేసినా ట్యాంకు మూతి దగ్గర మంట లేస్తే? చేయి అప్రయత్నంగా నాజిల్‌ను బయటికి లాగుతుంది. గాయాలు ఎక్కువయ్యేది అలా లాగడం వల్లే. నాజిల్ లోపలే ఉన్నంతసేపు మంట మూతి చుట్టూ ఆవిరి ఉన్న మేరకే ఉంటుంది. లాగితే మండుతున్న పెట్రోలు నేల మీదా బట్టల మీదా పడుతుంది. నాజిల్‌ను ఉన్నచోటే వదిలి దూరంగా జరగాలి. కారులో మనుషులుంటే దింపాలి, అత్యవసర స్విచ్ నొక్కించి పంపును ఆపించాలి. బట్టల మీద పెట్రోలు పడినవాళ్లు కారెక్కకుండా ముందు ఆ చోటును నీళ్లతో తడిపి, ఆ తర్వాతే బట్టలు మార్చుకోవాలి. పొడిగా ఉన్నప్పుడే విప్పితే ఆ రాపిడే రవ్వ పుట్టించవచ్చు.

పడవ విషయంలో మొదట చేయాల్సింది ఆవిరికి లోపలికి దారి లేకుండా మూయడం. రేవుకు కట్టాక ఇంజిన్, జనరేటర్, పొయ్యి, గ్యాసు ఫ్రిజ్, దీపాలు, పంఖాలు అన్నీ ఆపాలి. మనుషులందరూ గట్టు మీదకు దిగాలి. కిటికీలు, తలుపులు, డెక్ (పడవ పైతలం) మీది మూతలు వేసేయాలి. ఇంజిన్ గది గాలిని బయటికి తోడే బ్లోయర్ కూడా ఈ సమయంలో ఆగి ఉండాలి; అది నడిస్తే డెక్ మీద పాకుతున్న ఆవిరిని సందుల గుండా లోపలికే లాగుతుంది. చేత్తో మోయగలిగే ట్యాంకులైతే వాటిని గట్టు మీదకు తెచ్చి నేల మీద పెట్టి నింపాలి, పడవలో ఉంచి కాదు.

తర్వాత, ఇంధనం పోసే మూత ఏదో చదివి చూసుకోవాలి. డెక్ మీద తాగునీటికీ మురుగుకీ ఒకేలాంటి మూతలు ఉంటాయి. గాలం కర్రలు నిలబెట్టే గుంటలు కూడా కంగారులో అలాగే కనిపిస్తాయి. ఆ గుంటలో పెట్రోలు పోస్తే చాలా పడవల్లో అది నేరుగా అడుగుకే చేరుతుంది. అంతా సరిగ్గానే జరిగిందనుకుంటూ పదుల లీటర్లు పోసేసే అవకాశం ఉంది.

నాజిల్‌ను డెక్ మీది లోహపు మూతికి ఆనించే ఉంచాలి. ఆ మూతి నుంచి ట్యాంకుకూ అక్కడి నుంచి పడవ ఎర్తింగ్‌కూ ఒక తీగ ఉంటుంది, ఆవేశం దిగిపోయే దారి అదే. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం ఈ దారి నిరోధం 100 ఓమ్‌ల లోపు ఉండాలి. ఉప్పుగాలికి తీగ చివరి రింగు తుప్పు పట్టి తెగిపోవడం మామూలు. ఏడాదికోసారి మల్టీమీటర్‌తో కొలిస్తే ఐదు నిమిషాల పని.

పడవలో నాజిల్ క్లిక్‌ను నమ్ముకోకూడదు. డెక్ నుంచి ట్యాంకు దాకా గొట్టం పొడుగ్గా, వంపులు తిరిగి ఉంటుంది; లోపలి గాలి బయటికి పోయే గొట్టం సన్నగా ఉంటుంది. వేగంగా పోస్తే ఒత్తిడి పెరిగి పెట్రోలు ఒక్కసారిగా మూతిలోంచి ఎగదన్నుతుంది. ట్యాంకు ఎంత పడుతుందో, ఇప్పుడు ఎంత ఉందో ముందే లెక్క వేసుకుని, పడవ పక్కన గాలి బయటికొచ్చే రంధ్రం దగ్గర చప్పుడు వింటూ పోయాలి. ట్యాంకు నిండేకొద్దీ ఆ చప్పుడు స్వరం మారుతుంది. 90 శాతం దాటగానే వేగం తగ్గించి, 95 లోపు ఆపాలి. ఎండలో నిలిచే పడవ ట్యాంకు ఆ మిగిలిన ఖాళీని కొన్ని గంటల్లోనే వాడుకుంటుంది.

నింపడం అయ్యాక పని రెండింతలవుతుంది. మూత బిగించి, ఒలికిన చుక్కలు తుడిచి, తుడిచిన గుడ్డను పడవలో ఉంచకుండా గట్టు మీదికి పంపాలి. ఇప్పుడు తలుపులు, మూతలు అన్నీ తెరిచి బ్లోయర్ నడపాలి, కనీసం నాలుగు నిమిషాలు. అమెరికాలో పెట్రోలు ఇంజిన్ పడవల స్విచ్ పక్కన ఈ నాలుగు నిమిషాల హెచ్చరిక పట్టీ ఉండాలని నిబంధనే ఉంది. బ్లోయర్ చప్పుడు వినిపించినంత మాత్రాన గాలి కదులుతున్నట్టు కాదు. లోపలి గొట్టం ఊడిపోయో చిరిగిపోయో ఉంటే మోటారు తిరుగుతుంది, అడుగున ఆవిరి మాత్రం కదలదు. బయటి రంధ్రం దగ్గర పలుచని కాగితం పట్టుకుని అది ఎగురుతుందో లేదో చూడాలి. గొట్టం లోపలి కొస గది ఎత్తులో కింది మూడో వంతులో, అడుగున నిలిచే నీటికి పైన ఉండాలి. నీళ్లలో మునిగితే గాలి లాగదు, పైన ఉంటే ఆవిరిని లాగదు.

ఆ తర్వాత ముక్కుతో చూడాలి. పెట్రోలు వాసనను మనిషి ముక్కు మండే స్థాయికి వేల రెట్లు తక్కువ దగ్గరే పసిగడుతుంది. అయితే డెక్ మీద నిలబడి చూస్తే ప్రయోజనం లేదు. ఇంజిన్ గది మూత ఎత్తి, వంగి, అడుగు దాకా ముక్కు తీసుకెళ్లాలి. ఇంధనం పోసిన మనిషి ముక్కు అప్పటికే ఆ వాసనకు అలవాటుపడి ఉంటుంది కాబట్టి గట్టు మీద నిలబడిన ఇంకొకరు చూడటం మంచిది. ఆవిరిని కనిపెట్టే అలారం ఉంటే ఉండనివ్వండి, అది వంగి చూడటానికి బదులు కాదు. వాసన తగిలితే ఇంజిన్ మొదలుపెట్టకూడదు, కారణం దొరికేదాకా గాలి ఆడించాలి. అడుగున ద్రవంగానే పెట్రోలు కనిపిస్తే ఏ స్విచ్చునూ ముట్టకుండా దిగిపోయి, రేవు వాళ్లకు చెప్పాలి. అడుగు నీటిని తనంతట తానే తోడే పంపు చాలా పడవల్లో నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటుందని, ప్రధాన స్విచ్ ఆపినా అది ఆగదని కూడా వాళ్లకు చెప్పడం ముఖ్యం.

ఇంత జాగ్రత్తగా పోసినా లోపలికి పెట్రోలు ఎలా చేరుతుంది? ఎక్కువగా పోసే గొట్టం నుంచి. ఆ గొట్టంలో ఇంధనం ఉండేది పోస్తున్నప్పుడు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే. అందువల్ల దాని పగులు మామూలు ప్రయాణాల్లో బయటపడదు. సగం ట్యాంకుతో నెలల తరబడి బాగున్న పడవ ట్యాంకు నిండా నింపిన రోజే పేలడానికి కారణం ఇదే. గొట్టానికి రెండు కొసల దగ్గరా రెండేసి క్లాంపులు ఉండాలి. శుభ్రమైన పొడి గుడ్డతో గొట్టాన్ని పొడుగునా తుడిచి వాసన చూడాలి; గుడ్డకు పెట్రోలు వాసన పట్టిందంటే తడి కనిపించకపోయినా రబ్బరు పని అయిపోయింది, మార్చాలి.

మరమ్మతుల్లో జరిగే పొరపాటు దీనికి తోడవుతుంది. పడవ ఇంజిన్ స్టార్టర్, ఆల్టర్నేటర్ స్థానంలో కారువి సరిపోతాయి, చవగ్గా కూడా దొరుకుతాయి. చూడటానికి తేడా కనిపించదు. పడవకు చేసిన వాటిలో రవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టం చేసి ఉంటుంది, కారు వాటిలో ఆ అవసరం లేదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ కూడా అంతే. పడవకు చేసినది పొంగితే పెట్రోలు ఇంజిన్ లోపలికే పోతుంది, కారుదైతే బయటికి కారి అడుగుకు చేరుతుంది. ఇంజిన్ ఎదురు దన్నినప్పుడు మంటను ఆపే జాలీని కార్బురేటర్ మీద నుంచి తీసేసి నడపడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

డీజిల్ విషయం వేరు. దాని ఆవిరి సాధారణంగా 50 డిగ్రీలు దాటితే గానీ నిప్పు అందుకోదు కాబట్టి నింపేటప్పుడు భయం తక్కువ. వేడి లోహం దగ్గర మాత్రం అది పెట్రోలు కన్నా మొండిది. పెట్రోలు వేడి పైపు మీద పడితే చాలాసార్లు ఆవిరై చెదిరిపోతుంది. డీజిల్ అక్కడే అంటుకుని ఉండి, రవ్వ లేకుండానే, అంతకన్నా తక్కువ వేడికే మండగలదు. ఎగ్జాస్టు మీద చుక్కలు పడే లీకును డీజిలే కదా అని వదిలేయకూడదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పెట్రోలు పోస్తే ఆ కాస్త పెట్రోలే మొత్తానికీ నిప్పు అందుకునే గుణం తెస్తుంది. ఇంజిన్ మొదలుపెట్టకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి.

మంటలార్పే సిలిండర్ పొడి రకమో నురగ రకమో ఉండాలి. నీళ్లు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటతో సహా పక్కకు పాకుతుంది. కిలో పొడి సిలిండర్ పది సెకన్లకు మించి రాదు, అందుకని దాన్ని మంట మొదట్లోనే, అడుగు భాగానికి గురిపెట్టి వాడాలి. సిలిండర్‌ను ఇంజిన్ గదిలో కాకుండా బయటికి వెళ్లే దారిలో తగిలించాలి. ఇంజిన్ గదిలో మంట అనిపించినప్పుడు మూత తెరిస్తే గాలి అంది ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. మూతకు సిలిండర్ మూతి దూరేంత చిన్న రంధ్రం ముందే చేయించి ఉంచితే దాని గుండానే లోపలికి కొట్టవచ్చు. కొట్టేముందు ఇంజిన్‌నూ బ్లోయర్‌నూ ఆపాలి, లేకపోతే అవి లోపలికి కొట్టినదాన్నంతా పీల్చి బయటికి పంపేస్తాయి. మంట ఆరినట్టు కనిపించినా లోపలి లోహం ఇంకా వేడిగానే ఉంటుంది, గాలి తగిలితే ఆవిరి మళ్లీ అంటుకుంటుంది. కనీసం పావుగంట దాకా ఆ మూత ఎత్తకూడదు.